మరువరాని తారీఖు: ఫిబ్రవరి 22

మన సొసైటీ వార్షిక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మాకు ముందుగా ఒక మాట తోచింది. ఉర్దూలో 'తారీఖ్' అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకు తేదీ అన్న అర్థమొక్కటే మిగిలింది. మన ఇళ్ళలోనూ ఇట్లాగే జరుగుతున్నదేమోనని మా అనుమానం. గోడమీద క్యాలెండరులో తారీఖులు ఉన్నాయి. వాటి వెనుకనున్న చరిత్ర జారిపోతున్నది.

మన పెద్దల బర్సీలు మనం చాంద్ లెక్కన చేసుకుంటాం. ఫాతెహా చదివిస్తాం, నలుగురికి అన్నం పెడతాం. ఇంగ్లీషు తేదీ మనకు గుర్తుండదు. బడుల లెక్క మాత్రం ఇంగ్లీషు తేదీలతోనే నడుస్తుంది. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ పుట్టిన నవంబరు 11ను 2008 నుండి జాతీయ విద్యా దినంగా జరుపుతున్నారు. ఆ రోజు మేమూ పిల్లలకు వ్యాసాల పోటీ పెడతాం, ఉపన్యాసాలు ఇప్పిస్తాం. అదే మౌలానా కన్నుమూసిన రోజు ఏది అని అడిగితే మాత్రం తరగతి అంతా తలలు వంచుకుంటుంది. తప్పు పిల్లలది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు.

ఆ రోజు ఫిబ్రవరి 22. ఆ తేదీననే 1944లో కస్తూర్బా గాంధీ, 1958లో మౌలానా ఆజాద్, 1982లో కవి జోష్ మలీహాబాదీ లోకం విడిచినారు. ఒకరు ఖైదులో, ఒకరు మంత్రి పదవిలో, ఒకరు పుట్టిన దేశానికి దూరంగా. తేదీలు కలవడంలో మహిమ ఏదో ఉన్నదని మేము అనడం లేదు. చావుపుట్టుకలు అల్లా చేతిలోనివి, ఏ రోజైనా ఎందరో పోతుంటారు. కాని ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే, దేశం కోసం ఇంటివాళ్ళు కట్టిన ఖరీదు ఎంతో మనకు కొంత తెలిసివస్తుంది.

ముందు కస్తూర్బా సంగతి. ఆమె 1869లో పోర్‌బందర్‌లో పుట్టినారు. గాంధీగారి భార్యగానే అందరూ ఆమెను ఎరుగుదురు. కాని ఆమె దక్షిణాఫ్రికాలో మొదటిసారి జైలుకు పోయింది ఎందుకో మన ముస్లిమ్ కుటుంబాలలో తెలిసినవారు తక్కువ. 1913 మార్చిలో అక్కడి కేప్ కోర్టులో సెర్ల్ అనే న్యాయమూర్తి ఒక తీర్పు ఇచ్చినాడు. క్రైస్తవ పద్ధతిలో జరిగి రిజిస్టరు అయిన పెళ్ళి తప్ప మిగతా పెళ్ళిళ్ళు చట్టానికి చెల్లవని దాని సారాంశం. ఆ కేసు ఒక ముస్లిమ్ సోదరుడు తన భార్యను హిందూస్థాన్ నుండి అక్కడికి తెచ్చుకోబోగా వచ్చినది. ఒక్క తీర్పుతో నికాహ్ అయిన స్త్రీలు, తాళి కట్టించుకున్న స్త్రీలు, పార్సీ స్త్రీలు అందరూ చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయినారు. అప్పుడు సత్యాగ్రహంలోకి దిగిన మొదటి జట్టులో కస్తూర్బా ఉన్నారు. మూడు నెలల కఠిన శిక్ష అనుభవించినారు. అంటే మన అమ్మలక్కల నికాహ్ గౌరవం కోసం కూడా ఆ తల్లి జైలు కూడు తిన్నది. ఇది మరచిపోదగిన రుణమా?

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మరునాడు తెల్లవారుజామున గాంధీగారిని పట్టుకుపోయినారు. సాయంత్రం శివాజీ పార్కు సభలో ఆయనకు బదులు మాట్లాడేందుకు బయలుదేరిన కస్తూర్బాను కూడా అరెస్టు చేసినారు. చివరికి అందరినీ పుణేలోని ఆగా ఖాన్ భవనంలో ఉంచినారు. మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు గారు కూడా కొన్ని నెలలు ఆ ఖైదులోనే ఉన్నారు. అక్కడ చేరిన వారం తిరగకముందే, ఆగస్టు 15న, గాంధీగారి కార్యదర్శి మహదేవ్ దేశాయి చనిపోయినారు. కస్తూర్బాకు ఆయన కొడుకువంటివాడు. ఆ దెబ్బ నుండి ఆమె కోలుకోలేదు. తరువాత గుండెజబ్బు ముదిరింది. 1944 ఫిబ్రవరి 22 సాయంత్రం, శివరాత్రి నాడు, భర్త ఒడిలో ప్రాణం విడిచినారు. అరవై ఏళ్ళు దాటిన కాపురం వారిది. గాంధీగారు వడికిన నూలుతో నేసిన చీర కట్టి, ఆ ఖైదు ఆవరణలోనే మహదేవ్ దేశాయిని దహనం చేసిన చోటు పక్కన దహనం చేసినారు. మరి రెండున్నర నెలలకు, మే 6న, గాంధీగారు విడుదలైనారు. ఆ భవనాన్ని 1969లో ఆగా ఖాన్ గారు దేశానికి కానుకగా ఇచ్చినారు.

ఇక మౌలానా సంగతి. క్విట్ ఇండియా నాటికి కాంగ్రెసు అధ్యక్షులు ఆయనే. బొంబాయి సభ కోసం 1942 ఆగస్టు 3న కలకత్తా ఇల్లు విడిచినారు. భార్య జులేఖా బేగమ్ అప్పటికే జబ్బుమనిషి. అయినా అలవాటు ప్రకారం గుమ్మం దాకా వచ్చినారు. ఇంకేమీ కొత్త సంగతి జరగకపోతే 13వ తేదీకల్లా తిరిగివస్తానని మౌలానా చెప్పినారు. ఆమె 'ఖుదా హాఫిజ్' అని మాత్రం అన్నారు. వారిద్దరూ ఈ లోకంలో చూసుకోవడం అదే కడపటిది.

మౌలానాను అహ్మద్‌నగర్ కోటలో పెట్టినారు. నెహ్రూ, పటేల్, ఆసఫ్ అలీ, సయ్యద్ మహమూద్ అందరూ అక్కడే. మన మచిలీపట్నం డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారూ అక్కడే. 1943లో బేగమ్ గారి జబ్బు ప్రమాదంగా ఉన్నదని కబురు వచ్చింది. మీరు కోరితే మీ అర్జీని వెంటనే పైకి పంపుతానని జైలు అధికారి చెప్పినాడు. మౌలానా వద్దన్నారు. ఏ సర్కారును దేశం విడిచిపొమ్మన్నారో ఆ సర్కారును తన కోసం వేడుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. రోజూ పత్రిక తెచ్చే అధికారి అడుగుల చప్పుడు వినబడితే గుండె దడదడలాడేదని, పైకి మాత్రం ఏమీ ఎరుగనట్టు కూర్చునేవాడినని తరువాత ఆయనే వ్రాసుకున్నారు. ఏప్రిల్ 9న టెలిగ్రామ్ వచ్చింది. అంతా అయిపోయింది.

రెండు రోజుల తరువాత ఆ దుఃఖాన్ని ఒక ఉత్తరంలో వ్రాసినారు. తాను చూపిన నిబ్బరం పైపైదేనని అందులో ఒప్పుకున్నారు. ఆ ఆవరణలో ఎవరిదో ఒక పాత సమాధి ఉన్నదట, దాని మీద తనకు కొత్తగా మమత పుట్టిందని చెప్పినారు. ఆ ఉత్తరాలు పోస్టులో పడినవి కావు, జైలులో దాచుకున్నవి. 1946లో 'గుబారే ఖాతిర్' పేరుతో అచ్చయినాయి. వాటిని ఎవరిని ఉద్దేశించి వ్రాసినారంటే, నవాబ్ సద్ర్ యార్ జంగ్ హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారిని. మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే.

1945 జూన్‌లో విడుదలై మౌలానా కలకత్తా చేరితే జనం పోటెత్తినారు. మోటారు నిండా పూలదండలు. మూడేళ్ళ క్రితం గుమ్మంలో సాగనంపిన మనిషి ఆ ఇంట్లో లేదు. మోటారును ముందు ఆమె సమాధి వైపు పోనిమ్మన్నారు. ఆ దండలలో ఒకటి తీసి సమాధి మీద ఉంచి, మౌనంగా ఫాతెహా చదివినారు. ఈ ఘట్టం తరగతిలో చెప్పినప్పుడు మా గొంతు సరిగా పలకదు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే, కనుక క్లుప్తంగా చెబుతాం. 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదు నుండి, భయంతో మూటలు కట్టుకున్న ముస్లిములను ఈ దేశం మీది, ఎక్కడికి పోతారని నిలవేసి అడిగినారు. స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రిగా కడ ఊపిరి దాకా పనిచేసినారు. 1951లో ఖరగ్‌పూర్ ఐఐటి, తరువాత విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్, సాహిత్య అకాడమీ ఆయన కాలంలోనివే. 1958 ఫిబ్రవరి 22 తెల్లవారకముందే కన్నుమూసినారు. జామా మసీదుకూ ఎర్రకోటకూ నడుమ ఆయన సమాధి ఉన్నది. భారతరత్న 1992లో, పోయిన ముప్ఫై నాలుగేళ్ళకు వచ్చింది.

మూడవవారు జోష్ మలీహాబాదీ. అసలు పేరు షబ్బీర్ హసన్ ఖాన్. మామిడిపండ్లకు పేరుబడ్డ మలీహాబాదు ఆయన ఊరు. యౌవనంలో హైదరాబాదు వచ్చి ఉస్మానియా వారి దారుల్ తర్జుమాలో, అంటే అనువాద శాఖలో, ఏళ్ళ తరబడి పనిచేసినారు. నిజామ్‌కు కోపం తెప్పించే కవిత వ్రాసి ఊరు విడువవలసి వచ్చింది. తెల్లవాళ్ళ మీద నిప్పులు చెరిగే కవిత్వంతో 'షాయరే ఇంక్విలాబ్' అనిపించుకున్నారు. స్వాతంత్ర్యం తరువాత సర్కారు వారి ఉర్దూ పత్రిక 'ఆజ్ కల్'కు సంపాదకులైనారు, 1954లో పద్మభూషణ్ అందుకున్నారు. అయినా ఇక్కడ ఉర్దూకు రోజులు లేవన్న భయం, పిల్లల భవిష్యత్తు చింత పట్టుకున్నాయి. నెహ్రూగారు వద్దన్నా వినక, 1950ల రెండవ సగంలో పాకిస్తాన్ పోయినారు. అక్కడా మనసు నిలవలేదు. 1982 ఫిబ్రవరి 22న ఇస్లామాబాదులో పోయినారు.

పోవద్దని జామా మసీదులో అడిగిన మనిషీ, పోయిన మనిషీ ఒకే తేదీన కాలం చేసినారు. జోష్ గారిని తప్పుపట్టడానికి మేము ఎవరం? ఆయన భయం పూర్తిగా అబద్ధమూ కాలేదు, పూర్తిగా నిజమూ కాలేదు. మౌలానా పేరుతోనే 1998లో హైదరాబాదులో జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఉర్దూకు రెండవ అధికార భాష హోదా 2017లో తెలంగాణ అంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో దక్కింది. కాని ఉర్దూ బడిలో పాఠం చెప్పేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. సర్కారు ఉత్తర్వు బోర్డు మీద అక్షరాలు వ్రాయగలదు. ఇంట్లో పిల్లవాడిచేత చదివించవలసింది అమ్మా నాయనలే.

పాఠకులారా, 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో మన ఆడపిల్లలు ఎందరో చదువుతున్నారు. మౌలానా పేరుగల విశ్వవిద్యాలయంలో మన పెద్దపిల్లలు డిగ్రీలు తెచ్చుకుంటున్నారు. ఆ పేర్ల కింద నుండి రోజూ నడిచిపోతున్నారు. జులేఖా బేగమ్ పేరు మాత్రం ఏ పిల్లనోటా మేము వినలేదు. కస్తూర్బాకు ఖైదులోనైనా భర్త ఒడి దొరికింది. జులేఖా బేగమ్‌కు అదీ దొరకలేదు. ఆమె జైలుకు పోలేదు, సభలో మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడి పంపించినారు, అంతే. అటువంటి అమ్మలు మన ప్రతి ఇంటిలోనూ ఉన్నారు. బిడ్డ చదువుకని గాజులు అమ్మినవారు, గల్ఫ్‌కు పోయే కొడుకును ఇదేవిధంగా ఖుదా హాఫిజ్ అని సాగనంపినవారు.

అందుచేత సొసైటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. వచ్చే ఫిబ్రవరి 22న చిన్న సభ పెట్టుదాం. పెద్ద వేదిక, దండలు అక్కరలేదు. ఒక ఆడపిల్ల మౌలానా వ్రాసిన ఆ ఉత్తరం ఉర్దూలో చదవాలి, మరొక పిల్ల దాని అర్థం తెలుగులో చెప్పాలి. కస్తూర్బా ఎందుకు జైలుకు పోయిందో ఇంకొకరు చెప్పాలి. ముందు వరుస కుర్చీలు మన అమ్మలకు ఇవ్వాలి. అప్పుడు తారీఖు అన్న మాటకు రెండవ అర్థం కూడా మన పిల్లలకు దక్కుతుంది.

అల్లా ఆ పని చేసే శక్తి మనకు ఇచ్చుగాక. ఆమీన్.