గణాంకముల ఉమ్మడి భాండారము

లెక్క లేని సంసారము నిలువదని పెద్దలు చెప్పుదురు. దేశమును ఒక పెద్ద సంసారమే. ఈ యేడు వరి యెంత పండినది? ఏ విత్తనము ఏ నేలకు అనుకూలించును? ఫలానా మందు వలన జ్వరము తగ్గినదా, లేక దానంతట అదియే తగ్గినదా? ఇట్టి ప్రశ్నలకు ఉత్తరము చెప్పు శాస్త్రమునకు గణాంక శాస్త్రమని పేరు. పూర్వము ఈ లెక్కలను కాగితముమీద కలముతో చేయుచుండిరి. నేడు కంప్యూటరు చేయుచున్నది. అయితే కంప్యూటరు తనంతట తాను ఏ లెక్కయు ఎఱుగదు. ఏది ముందు చేయవలెనో, ఏది వెనుక చేయవలెనో దానికి వరుసగా వ్రాసి యియ్యవలెను. ఆ వ్రాతను వ్రాసినవారెవరు? దానిని సరిచూచువారెవరు? వ్రాసినవారు తప్పుకొన్న పిమ్మట దానిని కాపాడువారెవరు? పెద్దలారా, ఈ మూడు ప్రశ్నలకు సంబంధించిన చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ఇట్టి వ్రాతలలో పేరుపొందినవి సంస్థల సొత్తుగ నుండెను. అమెరికా దేశమున 1968లో ఎస్.పి.ఎస్.ఎస్. అను సాధనమును, 1976లో సాస్ అను సంస్థయు వెలసినవి. అవి గొప్ప సాధనములే. పెక్కు విశ్వవిద్యాలయములును ప్రభుత్వ కార్యాలయములును వానిని వాడినవి, నేటికిని వాడుచున్నవి. కాని వానికి రుసుము చెల్లింపవలెను. లోపల లెక్క యెట్లు జరుగునో వ్రాతను విప్పి చూచుటకు వాడువారికి వీలులేదు.

అదే 1976లో, అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో జాన్ ఛేంబర్సును ఆయన సహచరులును ‘ఎస్’ అను నొక భాషను నిర్మింప మొదలిడిరి. ఇచ్చట భాష యనగా మనుష్యులు మాటలాడునది కాదు. కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చు పద్ధతి. వెనుకటి సాధనములు వడ్డించిన విస్తరివంటివి, అందున్నదే తినవలెను. ‘ఎస్’ భాష వంటయింటి వంటిది. నేర్పున్నవాడు తనకు కావలసినది తాను వండుకొనవచ్చును. అయితే ఆ వంటయింటికిని తాళము ఉండెను. అనుమతి పొందినవారే లోనికి పోగలిగిరి.

ఆ కాలముననే న్యూజీలండు దేశమందలి ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్టు జెంటిల్‌మన్ అను నిద్దఱు అధ్యాపకులుండిరి. విద్యార్థులకు బోధించుటకు మేలైన సాధనము తమ ప్రయోగశాలకు కావలసియుండగా, 1990 తరువాతి యేండ్లలో తామే యొక చిన్న భాషను వ్రాయ నారంభించిరి. ఇద్దఱి పేర్లును ఇంగ్లీషున ‘ఆర్’ అను అక్షరముతో మొదలగును. ‘ఎస్’ అను అక్షరమునకు ముందుండునదియు అదియే. కావున తమ భాషకు ‘ఆర్’ అని పేరిడిరి. 1993లో దానిని లోకమునకు తెలియజేసిరి.

పిమ్మట స్విట్జర్లండునందలి మార్టిన్ మెఖ్లర్ అను గణాంకజ్ఞుడు, వ్రాత యంతయు ఉచితముగ నిచ్చుటయే మేలని వారికి చెప్పెను. వారు మొదట సందేహించిరి, తుదకు ఒప్పుకొనిరి. 1995 జూనులో అట్లే చేసిరి. దానము చేయుచు ఒక నిబంధన చేర్చిరి: ఎవరైనను దీనిని వాడుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చవచ్చును, పరులకు ఇయ్యవచ్చును, కాని యిచ్చునపుడు తాము పొందిన స్వాతంత్ర్యమునే వారికిని ఇయ్యవలెను. నా యభిప్రాయమున ఈ కథకంతకును మూలము ఆ నిబంధనయే.

ఇద్దఱు మనుష్యులు సమస్త శాస్త్రములకు కావలసిన లెక్కలను వ్రాయజాలరు. పంటల లెక్క వేఱు, వైద్యము లెక్క వేఱు, పటముల లెక్క వేఱు. అందుచే మూలమును మితముగ నుంచి, తక్కినదానిని ఎవరికి తెలిసినది వారు మూటగట్టి చేర్చుటకు వీలు కల్పింపబడెను. ఈ మూటలనే ప్యాకేజీలందురు. ఒక్కొక్క ప్యాకేజీయందు లెక్క చేయు వ్రాతయు, దానిని వాడు విధము తెలుపు వివరణమును ఉండును. వీని నన్నిటిని ఒకచోట నుంచు భాండారమును వియన్నా నగరమున కుర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిష్ లైష్ అనువారు నెలకొల్పిరి. దాని పేరు క్రాన్. 1997 ఏప్రిల్ 23న హోర్నిక్ దానిని ప్రకటించినపుడు అందున్న ప్యాకేజీలు 12 మాత్రమే. 2017 జనవరిలో అవి 10,000 దాటెను. నేడు 20,000కు మించినవి. వీనిని వ్రాసినవారిలో పెక్కుమంది దీనికై ప్రత్యేకముగ జీతము పుచ్చుకొనువారు కారు.

ఒక ప్యాకేజీ యేమి చేయునో వ్యవసాయము తెలిసిన మీకు సులభముగ చెప్పవచ్చును. రెండు విత్తనములలో ఏది మేలో తెలియవలెను. ఒకదానిని కాలువ ప్రక్క మడిలోను, మఱియొకదానిని మెట్టమీదను చల్లి పోల్చినచో గెలిచినది విత్తనమో నీరో తెలియదు. కావున పొలమును చిన్న మళ్ళుగా విభజించి, ఏ మడిలో ఏది చల్లవలెనో చీట్లు వేసి నిర్ణయింపవలెను. ఈ న్యాయమును శాస్త్రముగ నిలిపినవాడు, 1919లో ఇంగ్లండునందలి రాథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రమున చేరిన రోనాల్డ్ ఫిషర్. ఆ చీట్లు వేయుటకును, కోత ముగిసిన పిమ్మట దిగుబడులను పోల్చుటకును ‘అగ్రికోలే’ అను ప్యాకేజీ కలదు. దానిని వ్రాసినవాడు పెరూ దేశపు ఫెలిపె దె మెండిబురు. సముద్రముల కావల వ్రాసిన దానిని మన దేశపు వ్యవసాయ విద్యార్థి కానియైనను చెల్లింపక వాడుకొనవచ్చును. పేదదేశములకు ఇది చిన్న మేలు కాదు.

ఈ కథలో తెలుగువారి జాడయు కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటున చేరిరి. 1948లో వారు ప్రకటించిన యొక పరీక్షా విధానము ‘ఆర్’ మూలమునందే చేరియున్నది. ఆ లెక్కను కోరువారు ఆజ్ఞలో ‘రావు’ అను పేరునే వ్రాయవలెను. 2023లో, 102 ఏండ్ల వయసున, వారు కాలధర్మము నొందిరి. వారి పేరు మాత్రము ఆ ఆజ్ఞలో నిలిచియున్నది.

ఇంతమంది చేతులు పడిన సొత్తు చెడకుండుట యెట్లు? క్రాన్ భాండారమునకు కఠినమైన నియమములు కలవు. ప్రతి ప్యాకేజీని చేర్చుకొనుటకు ముందు పరీక్షింతురు. చేరిన పిమ్మటను, మూలము మాఱినప్పుడెల్ల, మరల పరీక్షింతురు. ప్రతిదానికి బాధ్యుడొకడు పేరుతో నిలువవలెను. దోషము కనబడినచో ఆతనికి తెలియజేసి గడువిత్తురు. సరిచేయనియెడల ఆ ప్యాకేజీని వాడుకనుండి తీసి, పాత ప్రతులను మాత్రము దాచియుంతురు. దానిపై ఆధారపడినవియు దానితో జాఱిపోవలసి వచ్చును.

2022 అక్టోబరులో ఈ భయమే కలిగెను. ‘ఐసోబ్యాండ్’ అను చిన్న ప్యాకేజీ యొకటి కలదు. పటములలో సమానమైన ఎత్తుగల చోట్లను కలుపు గీతలను అది లెక్కించును. లెక్కలను చిత్రములుగ గీయు ‘జీజీప్లాట్’ అను ప్రఖ్యాతమైన ప్యాకేజీ దానిపై నాధారపడియున్నది. దీనిపై మఱి వేలకొలది ప్యాకేజీలు ఆధారపడియున్నవి. ఐసోబ్యాండునందు దోషము సరిచేయనిచో తొలగింతుమని క్రాన్ వారు తెలిపిరి. అందఱును ఉలికిపడిరి. గడువు రాకమునుపే దానిని సరిచేసిరి, ఆపద తప్పెను. పెద్ద మేడకు ఆధారమైన చిన్నరాయి ఎక్కడ నున్నదో కదలువఱకు ఎవరికిని పట్టదు.

ఇంకొకమాట మఱువరాదు. ఈ పరీక్ష ప్యాకేజీ సరిగ నడచుచున్నదా యని చూచునే గాని, అందు చెప్పిన శాస్త్రము సత్యమా, దానిని వాడిన చోటు తగినదా యని తీర్మానింపదు. ఆ భారము వాడువారిది. ఉచితముగ దొరకినదెల్ల ఒప్పు కాదు. విప్పి చూచుటకు వీలున్నంతమాత్రమున ఎవరో చూచిరనియు కాదు.

ఇక మూడవ ప్రశ్న. వ్రాసినవారు తప్పుకొన్న పిమ్మట కాపాడువారెవరు? దీనికి ఉత్తమమైన యుదాహరణము నార్వే దేశమందలి బెర్గెన్ నగరపు రోజర్ బివాండ్. భూమి పటములను లెక్కించుటకు ఉపయోగించు మూడు ప్యాకేజీల బాధ్యతను ఆయన చిరకాలము వహించెను. అందొకటి 2003 నుండియు క్రాన్ నందుండెను. ఉద్యోగవిరమణము చేయుచు ఆయన వానిని ఊరక వదలిపోలేదు. ఇకముందు ఈ ప్యాకేజీలుండవనియు, వానికి బదులు జర్మనీయందలి ఎడ్జర్ పెబెస్మా మొదలైనవారు నిర్మించిన క్రొత్తవానిని వాడవలెననియు ఏడాదికి పైగా ముందునుండియే ప్రకటించెను. వానిపై ఆధారపడిన ప్యాకేజీల కర్తలకు మార్గము చూపెను. 2023 అక్టోబరులో ఆ మూడును వాడుకనుండి తొలగినపుడు పని ఆగిపోలేదు. తన చేతిలోని పనిని ఇట్లు దించుకొనుట, దానిని మొదలుపెట్టుటకంటె తక్కువ గొప్పది కాదని నా నమ్మకము.

మన సీమలలో చెఱువు త్రవ్వించినవాని పేరు శాసనములందు కనబడును. ఏటేట తూము చూచి, గట్టుకు గండి పడకుండ కాచు నీరుకట్టు పేరును చెక్కించుట అరుదు. అయినను చెఱువు నిలుచుట ఆతనివలననే. గణాంకముల భాండారమును అట్టిదే. దానము చేసినవారిని లోకము పొగడును. కాపాడువారికి తోడ్పడుట మఱచును. వారికి వేతనమో, సాయమో, వారసులో లేనిచో ఇంత సొత్తును ఒక తరముతో పూడిపోవును.

మీరు ఈ యంత్రములను ముట్టనక్కఱలేదు. కాని మీ యూరి పంటను గుఱించియో, నీటిని గుఱించియో, మీ బిడ్డల యారోగ్యమును గుఱించియో ఎవరైనను ఒక అంకె తెచ్చి చూపినప్పుడు, ‘అయ్యా, ఇది ఏ విధమున కట్టితిరి? ఆ లెక్కను విప్పి చూపగలరా?’ యని అడుగుడు. కరణమును చిట్టా చూపుమని అడిగిన గ్రామములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చూపగల లెక్కకే గౌరవము కలదు.