నిండు చూలాలి దిగులు: దాని సాంఘిక మూలాలు

మన ప్రబంధ కవులు గర్భిణిని విసుగు లేకుండా వర్ణించారు. పాలిపోయిన చెక్కిళ్ళు, మందగమనం, మట్టి రుచిపై కోరిక, ఏదీ వదలలేదు. నెలలు నిండేవేళ ఆమె మనస్సెలా ఉండేదో మాత్రం ఎక్కువమందికి పట్టలేదు. ఉత్తర రామాయణం కొంత నయం. నిండు చూలాలైన సీత అడవిపాలు కావడానికి కారణం లోకనింద అని కథే ఒప్పుకొంటుంది. స్త్రీల రామాయణపు పాటలు వేవిళ్ళనూ పురిటి నొప్పులనూ ఆడవారి కంటితోనే చూశాయి.

ఈ దిగులును పెద్దలు దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. నేటి వైద్యం కుంగుబాటు అంటుంది. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఆగని ఏడుపు, ఒక్కొక్కప్పుడు చావాలనే తలపు దాని లక్షణాలు. పూర్వం అటువంటి జబ్బు చేసినవారికి అది తిరగబెట్టవచ్చు. కాని భర్త దౌర్జన్యం, దారిద్ర్యం, తోడులేనితనం కూడా దానికి బలమైన కారణాలని వైద్యులే చెబుతున్నారు. కనుక దాని చరిత్రను సంఘచరిత్రలో వెతకాలి. అందుకు మన గోదావరి సీమ మంచి తార్కాణం.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడింది. ఆడపిల్ల బ్రతుకు పచ్చబడలేదు. 1860 నాటి శిక్షాస్మృతి భార్య సమ్మతి వయస్సును 10 ఏళ్ళుగా ఉంచింది. 1891లో అది 12 అయింది. బిడ్డను కనవలసింది మరో బిడ్డే! వితంతు వివాహాన్ని అనుమతించిన 1856 చట్టం ఇక్కడ చాలాకాలం కాగితం మీదనే ఉండిపోయింది. గర్భవతి అయిన వితంతువుకు చివరి నెలలంటే ఊరు విడవడమో, శిశువును వదిలించుకోవడమో, గోదావరో. ఆమె దిగులుకు భూతవైద్యుడు కారణం చెప్పనక్కరలేదు.

ఈ స్థితిని వీరేశలింగం ఎదిరించాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. వెలివేతకు భయపడి వంటవారూ నీళ్ళవారూ మానివేస్తే రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీళ్ళు మోసి వండిపెట్టింది. చరిత్రకారులు దీనిని త్యాగమని మెచ్చుకొని ఊరుకొంటారు. తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం మన ఆచారం. తల్లి చేయి, తెలిసిన గది, విశ్రాంతి, ఇవే ఆ నెలల్లో చూలాలికి ధైర్యం. వెలిపడిన వధువుకు పుట్టింటి పురుడెక్కడిది? ఆ బిందెడు నీళ్ళ విలువ అక్కడ తెలుస్తుంది.

సంస్కరణ పెళ్ళి తలుపు తెరిచింది. పురిటిగది దాకా పోలేదు. కన్యాశుల్కం పోయి వరకట్నం పెరిగింది. దానిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1958లోను, దేశమంతటికీ 1961లోను చట్టాలు వచ్చాయి. గర్భంలోని బిడ్డ ఆడో మగో బయటపెట్టడాన్ని 1994 చట్టం నిషేధించింది. అయినా “ఈసారి కూడా ఆడపిల్లేనేమో” అన్న అత్తగారి నిట్టూర్పును ఏ చట్టం ఆపుతుంది?

పారిస్ వైద్యుడు మార్సే 1858లోనే గర్భిణుల, బాలింతల మానసిక వ్యాధులపై గ్రంథం వ్రాశాడు. 1987లో ఎడింబరోలో బాలింతలకై తయారైన 10 ప్రశ్నల పట్టికను తర్వాత గర్భిణులకూ వాడుతున్నారు. దానికి యంత్రం అక్కరలేదు. అడిగే మనిషి, వినే ఓర్పు కావాలి. రక్తం, బరువు చూసినంత శ్రద్ధగా మనస్సును అడిగే అలవాటు మనకింకా స్థిరపడలేదు.

సీమంతం నాడు చేతినిండా గాజులు తొడుగుతాము. ఆ చేతులే వెనుక గదిలో కన్నీరు తుడుచుకొంటుంటే “నిండు మనిషివి, ఏడవకూడదు” అంటాము. “ఎందుకేడుస్తున్నావమ్మా?” అని అడగడంతోనే సంస్కరణ పురిటిగదిలో అడుగుపెడుతుంది.