గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష: నొప్పి, భయం తగ్గాలంటే ఏం చేయాలి?

మన దేశంలో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌దే. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఇది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ముందుగా పరీక్ష చేయించుకుంటే అడ్డుకోవచ్చు. అయినా మన ఇళ్లలో అమ్మీలు, ఖాలాలు పరీక్ష అనగానే వెనకాడతారు. ఒకటి నొప్పి భయం, రెండోది సిగ్గు. రెండూ తగ్గే దారులున్నాయి.

పరీక్షలో ఏం చేస్తారు?

స్పెక్యులమ్ అనే పరికరంతో యోని మార్గాన్ని కొద్దిగా తెరుస్తారు. పాప్ స్మియర్ అయితే చిన్న బ్రష్‌తో కణాలు తీస్తారు. వీఐఏ అయితే పలుచని ఆసిటిక్ ఆమ్లం రాసి, ఒక నిమిషం ఆగి తెల్ల మచ్చలు కనిపిస్తాయేమో చూస్తారు. కొద్దిగా మంట అనిపించవచ్చు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేస్తారు.

వెళ్లే ముందు

• నెలసరి లేని రోజుల్లో వెళ్లండి.
• రెండు రోజుల ముందు నుంచి యోనిలో క్రీములు, మందులు వాడొద్దు. కలయికకూ దూరంగా ఉండండి.
• వదులైన కుర్తా వేసుకుంటే పైదుస్తులు తీయాల్సిన పని ఉండదు. నడుము కింద కప్పుకోవడానికి దుప్పటి అడగండి.
• లోపలికి వెళ్లే ముందు మూత్రానికి వెళ్లి రండి.

బల్ల మీద

• చిన్న సైజు స్పెక్యులమ్ వాడమని, దాన్ని గోరువెచ్చని నీటితో తడపమని అడగండి.
• పిరుదులు, తొడలు బిగబట్టొద్దు. నోటితో నెమ్మదిగా ఊపిరి వదలండి.
• నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పేయండి. "ఆపండి" అనే హక్కు మీకుంది.
• నెలసరి ఆగిపోయినవారికి పొడిబారడం వల్ల నొప్పి ఎక్కువ. ఆ సంగతి ముందే చెబితే డాక్టర్ అవసరాన్ని బట్టి కొన్ని వారాల ముందు క్రీము రాసిస్తారు.

పర్దా సంగతి

లేడీ డాక్టర్ లేదా నర్సు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. అక్కనో, ఆపానో తోడు తీసుకెళ్లండి. వైద్య అవసరం ఉన్నప్పుడు డాక్టర్‌కు చూపించడానికి షరీఅత్‌లో సడలింపు ఉంది. రోజా ఉన్నవారు ఇఫ్తార్ తర్వాతో, రంజాన్ అయ్యాకో పెట్టుకుంటే సందేహమే ఉండదు. పరీక్ష తర్వాత ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తపు చుక్కలు కనిపించవచ్చు. నమాజు విషయంలో అనుమానం ఉంటే ఆలిమాను అడగండి.

స్పెక్యులమ్ లేకుండా కుదరదా?

కుదురుతుంది. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను మహిళే స్వయంగా, చిన్న స్వాబ్‌తో తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఆసుపత్రిలో ఆ సదుపాయం ఉందేమో కనుక్కోండి. అందులో వైరస్ కనిపిస్తే మాత్రం డాక్టర్ పరీక్ష తప్పదు.

టీకా వేయించుకున్నవారికీ ఈ పరీక్ష అవసరమే. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావమైనా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా పరీక్ష తేదీ కోసం ఆగకండి. వెంటనే డాక్టర్‌ను కలవండి.