రంగంలో తెగిన వేలికి ఎవరి సంతకం చెల్లింది?

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన ముక్క ఇది. రంగం కథ అనగానే ఓడలు, మేస్త్రీలు, బియ్యం మిల్లులు గుర్తొస్తాయి. అక్కడ పనిలో దెబ్బ తగిలితే ఏమయ్యేదో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. దేశం కాని దేశంలో పనిచేస్తూ ఇది చదువుతున్న మీకు ఆ సంగతే ఎక్కువ పనికొస్తుందని నాకనిపించింది.

ముందు చోటు చూద్దాం. అహ్లోన్ అంటే యాంగూన్‌లో పడమటి వైపు, నది ఒడ్డున ఉన్న టౌన్‌షిప్. ఇవాళ వెళ్తే కంటైనర్ పోర్టు, గ్యాస్‌తో నడిచే పవర్ స్టేషన్ కనబడతాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో అక్కడ టేకు దుంగలు, సామిల్లులు ఉండేవి. నది వెంబడే రేవులు, బియ్యం మిల్లులు. ఆ కూలీల్లో పెద్ద వాటా మనవాళ్లదే. గోదావరి, విశాఖ, ఇప్పటి శ్రీకాకుళం, గంజాం పల్లెల నుంచి వచ్చి కాకినాడలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కినవాళ్లు. కోరంగి రేవు పేరు మీద అందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 లెక్కల ప్రకారం రంగూన్ జనం సుమారు 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే.

ఇక్కడో తమాషా ఉంది. ఫిజీకో, నేటాల్‌కో ఒప్పందం మీద పోయే కూలీకి వలస చట్టం వర్తించేది. ఓడెక్కే ముందు డాక్టరు పరీక్ష, ఓడలో డాక్టరు ఉండాలని రూలు. అమలు ఎంత అధ్వానంగా ఉన్నా కాగితం మీదైనా ఉంది. రంగం పోయేవాడికి అదీ లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు కాబట్టి, కాకినాడ నుంచి రంగూన్ పోయినా మద్రాసు పోయినట్టే లెక్క.

అదే కారణంతో ఒక మేలూ జరిగింది. ఇండియా చట్టాలు అక్కడా చెల్లేవి. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది, 1924 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. యంత్రాలతో నడిచే మిల్లులు, రేవులో సరుకు ఎత్తి దించే పని దాని కిందికి వచ్చాయి. ఏ అవయవం పోతే ఎంత నష్టమో చట్టంలోనే పట్టీ వేసి పెట్టారు. బొటనవేలు పోతే 25 శాతం, చూపుడు వేలు 10, మిగతా వేళ్లలో ఏదైనా 5, ఒక కన్ను 30, మోకాలి పైన కాలు పోతే 60. మనిషి శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోతే 42 నెలల జీతం, 3,500 రూపాయలు దాటకుండా. అందులో ఆ శాతం లెక్కకట్టాలి. నెలకి 20 రూపాయలు సంపాదించే మనిషి అనుకోండి: 42 నెలలకి 840. సామిల్లులో రంపం కింద బొటనవేలు పోతే 210 రూపాయలు. చిటికెన వేలికి 42.

మధ్యలో మేస్త్రీలు ఉన్నారు కదా, మరి యజమాని ఎవరు అంటారేమో. రేవులో స్టీవడోరు, అతని కింద పెద్ద మేస్త్రీ, కింద ఇంకో మేస్త్రీ, ఆ కింద గుంపు మేస్త్రీ. నాకు తెలీదు, వాడినడుగు అని ఎవరికి వారు తప్పుకోడానికి బాగా వీలుండేది. కానీ చట్టం 12వ సెక్షన్‌లో గట్టిగానే రాశారు: కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకున్నా, తన వ్యాపారంలో భాగమైన పనైతే అసలు యజమానే పరిహారం ఇవ్వాలి. నూరేళ్ల కింద రాసింది. ఇవాళ్టి మ్యాన్‌పవర్ సప్లై కంపెనీల సంగతి తెలిసినవాళ్లకి ఆ సెక్షన్ విలువ నేను చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు డాక్టరు దగ్గర. వేలు తెగితే కళ్లకి కనబడుతుంది. బస్తా మోస్తూ నడుము పట్టేస్తే? పట్టీలో నడుము లేదు. పట్టీలో లేని దెబ్బకి, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూసి శాతం కట్టాలన్నారు. అది తేల్చడానికి డాక్టరు మాట కావాలి. ఏ డాక్టరైనా చెల్లడు, చట్టం చెప్పిన అర్హత ఉండాలి. ప్రభుత్వ చట్టం కింద నడిచే రిజిస్టర్లో పేరున్నవాడే డాక్టరు. మద్రాసులో 1914లో, బర్మాలో 1915లో అలాంటి వైద్య చట్టాలు వచ్చాయి. ఈ ప్రావిన్సు చట్టాల పద్ధతి విచిత్రంగా ఉంటుంది. రిజిస్టర్లో లేనివాణ్ణి వైద్యం చెయ్యొద్దని అనవు. చట్టం అడిగే సర్టిఫికెట్ మీద మాత్రం వాడి సంతకం చెల్లదు. పసరు కట్టు కట్టే ఊరి వైద్యుడు చెయ్యి బాగుచేసినా సరే, కమిషనరు ముందు అతని మాట మాటే కాదు.

ఇప్పటి మయన్మార్‌లో ఇది ఇంకా ముందుకెళ్లింది. 2007లో వచ్చిన ప్రైవేటు వైద్యసేవల చట్టం ప్రకారం డాక్టరుకి లైసెన్సు ఉంటే చాలదు, క్లినిక్‌కీ వేరే లైసెన్సు ఉండాలి.

మళ్లీ 1923కి వద్దాం. 11వ సెక్షన్‌ను నేను మూడుసార్లు చదివాను. కూలీ దెబ్బ తగిలిందని నోటీసిస్తే, యజమాని మూడు రోజుల్లోగా ఉచితంగా డాక్టరు పరీక్ష చేయిస్తానని చెప్పొచ్చు. అలా చెబితే కూలీ వెళ్లి తీరాలి. వెళ్లకపోతే పరిహారం ఆగిపోతుంది. ఉచితంగా ఇస్తానన్న డాక్టరు వైద్యాన్ని సరైన కారణం లేకుండా కాదని, దానివల్ల దెబ్బ ముదిరితే, ముదిరిన మేరకు కూలీదే భారం. ఊరి వైద్యుడి దగ్గరికి పోయినవాడు ఇక్కడే దొరికిపోతాడు. డాక్టర్ని ఎంచేది యజమాని, డబ్బిచ్చేది యజమాని. ఆ డాక్టరుకి తెలుగు వచ్చా అని చట్టం అడగదు. నడుములో ఎక్కడ పోటు పుడుతుందో, ఎంతసేపు వంగితే పుడుతుందో ఆ మనిషి ఏ భాషలో చెప్పుకుని ఉంటాడు? మేస్త్రీ దుబాసీగా నిలబడితే మేస్త్రీ ఎవరి పక్షాన చెబుతాడు?

ఇలాంటి గడువులు ఇప్పుడూ ఉన్నాయి. యూఏఈ 2021 కార్మిక చట్టంలో పనితో సంబంధం లేని జబ్బు చేసినా మూడు పనిదినాల్లోగా కంపెనీకి తెలియజేసి, వైద్య సంస్థ ఇచ్చిన రిపోర్టు పెట్టాలి. క్యాంపులో తెలిసినాయన ఇచ్చిన మాత్ర వేసుకుని నాలుగు రోజులు పడుకుంటే జ్వరం తగ్గుతుంది గానీ, ఆ నాలుగు రోజులకీ కాగితం ఉండదు. దెబ్బ తగిలితే మరీను. ముందు లైసెన్సున్న ఆసుపత్రి, రిపోర్టు కాపీ మీ ఫోన్‌లో, ఆ తర్వాతే మిగతావి.

11వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. పరీక్ష గడువు తీరకముందే, పరీక్ష చేయించుకోకుండా, కూలీ తనంతట తాను పనిచోటు వదిలి వెళ్లిపోతే హక్కు ఆగిపోతుంది. తిరిగొచ్చి పరీక్షకి నిలబడేదాకా ఆగే ఉంటుంది. రాసినవాళ్లు బొంబాయి మిల్లు కూలీని తలుచుకుని రాశారో ఏమో, సముద్రం దాటి వచ్చినవాడు మాత్రం వాళ్ల మనసులో లేడు. దెబ్బ తగిలినవాడు చేసే మొదటి పని ఇంటికి పోవడం. కాకినాడ ఓడ దొరికితే ఎక్కేస్తాడు. అప్పుచేసి ఎక్కిన ఓడకి మళ్లీ తిరుగు టికెట్టు పెట్టి, మిల్లు డాక్టరు ముందు నిలబడటానికి రంగం వచ్చేదెవరు?

1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. ఒక చట్టం రెండు దేశాల చట్టమైంది. ఇండియాలో 2009లో పేరు మార్చారు, మయన్మార్‌లో 1923 పేరుతోనే నడుస్తోంది. కాకినాడ, రంగూన్ మధ్య మాత్రం సరిహద్దు పడింది.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలు పని వదిలేసి పారిపోయారు, మార్చి 8కి ఊరు జపాన్ చేతికి పోయింది. లక్షలాది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది అరకాన్ దారినో, మణిపూర్ దారినో నడిచి. వాళ్లలో చేతికి కట్టుతో, తేలని క్లెయిముతో నడిచినవాళ్లూ ఉండే ఉంటారు. తనంతట తాను వెళ్లిపోయాడా, తరిమితే వెళ్లాడా అని విచారించడానికి రంగూన్‌లో కమిషనరు ఆఫీసు మిగల్లేదు.