వేళాకోళం: వరుస కలిసిన నవ్వు

మేలం, పరాచికం, ఎకసెక్కం, ఎగతాళి, హేళన, వెటకారం, తెలంగాణలో మస్కిరి: నవ్వులాటకు తెలుగులో మాటలకు కొదవలేదు. వీటిలో వేళాకోళానికి ఒక ప్రత్యేకత ఉంది. హేళన ఎవరినైనా చేయొచ్చు. వేళాకోళం ఆడాలంటే మాత్రం చనువుండాలి. బావామరదళ్లు, వదినామరదళ్లు, తాతామనవలు ఆడుకుంటే ముచ్చటగా ఉంటుంది. చనువు లేనివాడు ఆడితే "వేళాకోళంగా ఉందా?" అన్న గద్దింపు తప్పదు. తెలుగు హాస్యం ఈ చనువును ఎలా సంపాదించుకుందో చూడటం ఆసక్తికరం.

శాస్త్రంలో నవ్వుకు అంతస్తులున్నాయి. భరతుడి నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆరు రకాలుగా విడదీసి, స్మిత హసితాలను ఉత్తములకు, విహసిత ఉపహసితాలను మధ్యములకు, అపహసిత అతిహసితాలను అధములకు కేటాయించింది. రాజాస్థానాల్లో చాటువులు పుట్టాయి. శ్రీనాథుడి పేరిట, తెనాలి రామకృష్ణుడి పేరిట జనం నోట నిలిచినవాటిని వేటూరి ప్రభాకరశాస్త్రి ఏరికూర్చకపోతే మనకు చాలా దక్కేవి కావు. అయితే సభలో విసిరిన చమత్కారానికి తరచు ఎదుటివాణ్ణి ఓడించడమే లక్ష్యం.

జనం మధ్య సంగతి వేరు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకి ఊరి ముచ్చట్లు మొదలుపెడతారు. పెళ్లిళ్లలో వియ్యాలవారి పాటలు మరీ గొప్పవి. మగపెళ్లివారు బంతిలో కూర్చోగానే ఆడపెళ్లివారి తరఫు ఆడవాళ్లు వియ్యపురాలి తిండి మీద, నడక మీద, డాబు మీద పాట ఎత్తుకుంటారు. ఆవిడ కోపగించుకోకూడదు. ఆవిడ వైపువాళ్లకు సత్తా ఉంటే ఎదురుపాట అందుకోవాలి. నిన్నటిదాకా లాంఛనాల దగ్గర పట్టుదలకు పోయిన రెండు కుటుంబాలు ఆ పాటలతో చుట్టాలవుతాయి.

అచ్చు వచ్చాక నవ్వు సంస్కరణకు పనికొచ్చింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, హాస్య సంజీవనిని దానికి జోడించి, ప్రహసనాలతో దురాచారాలను చీల్చి చెండాడారు. అది అప్పటి అవసరం. ఆయన నవ్వు కొరడా. గురజాడ అప్పారావు అక్కడి నుంచి ముందుకు వెళ్లారు. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. అందులోని గిరీశం మోసగాడని మనకు తెలుసు. అయినా అతను నోరు విప్పితే చెవి ఒగ్గి వింటాం. తప్పును ఖండిస్తూనే తప్పు చేసిన మనిషిని మనవాడిగా చూపించడం తెలుగు హాస్యంలో పెద్ద మలుపు.

ఆ తర్వాత నవ్వించేవాడే కథ చెప్పడం మొదలుపెట్టాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయల్దేరి, ఆడవాళ్ల టోపీ కొనుక్కుని తలమీద పెట్టుకుంటాడు. ఆ అవస్థలన్నీ మరొకరు చెబితే పల్లెటూరివాడి మీద ఎగతాళి అయ్యేవి. తన నోటితోనే చెప్పుకోవడంవల్ల అవి మన అవస్థలయ్యాయి. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలతో ఆలుమగల కీచులాటలకు ఆప్యాయత అద్దారు. ముళ్లపూడి వెంకటరమణ ఆ చనువును పిల్లాడి చేతికిచ్చారు. రాధా గోపాళాల కొడుకు బుడుగు బామ్మనూ బాబాయినీ ప్రైవేటు మేష్టారినీ ఎవరినీ వదలడు. వాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు.

జంధ్యాల సినిమాలు ఈ దారిలోనివే. 1982లో వచ్చిన నాలుగు స్తంభాలాటతో "సుత్తి" మాట ఊరూరా పాకింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలులకు అదే ఇంటిపేరైంది. విసిగించే మనిషిని నొప్పించకుండా ఆపడానికి జనానికి ఒక మాట దొరికింది.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే నవ్వుల్లో చాలావరకు ఒంటి రంగు మీద, లావు మీద, యాస మీద, కులం మీద. వాటికి వేళాకోళమని పేరు పెట్టడం అన్యాయం. అవతలివాడు తిరిగి అనగలగాలి, అన్నాక ఇద్దరూ కలిసి భోంచేయగలగాలి. వియ్యాలవారి పాట నుంచి బుడుగు దాకా మన హాస్యం నిలబెట్టిన మర్యాద ఇదే. కొత్తగా రాసేవాళ్లు, తీసేవాళ్లు ఈ మర్యాదను పాటించాలి.