పాఠశాల భద్రతాశిక్షణలో వంటమనిషి స్థానం

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల మధ్యాహ్నభోజన వంటశాలలో పుట్టిన నిప్పు పూరికప్పుకు అంటుకొని 94 మంది పిల్లలను బలిగొన్నది. దరిమిలా దాఖలైన అవినాష్ మెహ్రోత్రా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పునిస్తూ, వంటశాల ప్రధాన భవనానికి దూరంగా ఉండాలనీ, అగ్నిమాపక సాధనాల వినియోగంలో ఉపాధ్యాయులకూ ఇతర సిబ్బందికీ శిక్షణనివ్వాలనీ ఆదేశించింది. ఈ ‘ఇతర సిబ్బంది’ అన్న మాట పరిశీలించదగినది. వంటమనిషి, ఆయా, కాపలాదారు అందరూ అందులోనే ఇమిడిపోయారు. ఎవరి పనిలో ఏ ప్రమాదం పొంచి ఉన్నదో ఆ మాట చెప్పదు. నిప్పు పుట్టినది వంటశాలలోనే కదా!

సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013 జూలై 16న, బీహార్‌లోని గండామన్ గ్రామ పాఠశాలలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన మధ్యాహ్నభోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. నూనె వాసన తేడాగా ఉన్నదని వంటవారు ముందే చెప్పినా వారి మాట చెల్లలేదని నాటి వార్తాకథనాలు తెలుపుతున్నాయి. ఆ భోజనం రుచి చూసిన వంటమనిషి కూడా ఆస్పత్రి పాలైంది. ఈ కథనాలను బట్టి చూస్తే అక్కడ లోపించినది ప్రమాదాన్ని పసిగట్టే జ్ఞానం కాదు, వంట ఆపగల అధికారం. అటుతర్వాత కేంద్రం వడ్డనకు ముందు రుచి చూసేవారిలో ఉపాధ్యాయుడు తప్పక ఉండాలని నొక్కి చెప్పింది. పొయ్యి దగ్గరి మనిషి అనుమానాన్ని ఎవరు, ఎలా పరిగణించాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.