‘వానలు తగ్గుముఖం’ అంటే గొడుగు పక్కన పెట్టేయొచ్చా? వాతావరణ బులెటిన్‌ను ఎలా చదవాలి?

“రానున్న మూడు రోజుల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. ఆ తర్వాత పొడి వాతావరణం ఏర్పడుతుంది.”

సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి వాక్యాలు మీ ఫోన్‌లో తరచూ కనిపిస్తుంటాయి. వీటిని చదివి చాలామంది “ఇక వానలు అయిపోయినట్టే” అనుకుంటారు. దసరాకు ఊరెళ్లే ప్రయాణం, మేడ మీద ఆరబెట్టిన వడియాలు, పిల్లల స్కూలు బస్సు వేళ అన్నీ ఆ నమ్మకం మీదే సాగుతాయి.

నిజానికి ఆ బులెటిన్‌లోని ఒక్కో మాటకు వాతావరణ శాఖ ఒక్కో కొలత పెట్టుకుంది. అవి తెలిస్తే ఏ రోజు నిశ్చింతగా ఉండొచ్చో, ఏ రోజు జాగ్రత్త పడాలో మీకే అర్థమవుతుంది.

ఈ అంచనాలు ఎవరు ఇస్తారు?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. తెలంగాణకు హైదరాబాద్‌ బేగంపేటలోని వాతావరణ కేంద్రం, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి వాతావరణ కేంద్రం రోజువారీ బులెటిన్లు ఇస్తాయి. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది.

వాతావరణ శాఖ లెక్కలో దేశం మొత్తం 36 ఉపవిభాగాలు. అందులో తెలంగాణ ఒకటి, కోస్తాంధ్ర–యానాం ఒకటి, రాయలసీమ ఒకటి. బులెటిన్‌లో ముందుగా మీ ప్రాంతం ఏ ఉపవిభాగంలో ఉందో చూసుకోండి. “రాష్ట్రంలో వర్షాలు” అనే శీర్షిక శ్రీకాకుళానికి సరిపోయినా అనంతపురానికి సరిపోకపోవచ్చు.

ఇవి కాక ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ, తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ కూడా సమాచారం ఇస్తాయి. ఒకే రోజు ఒకే నగరానికి రెండు వేర్వేరు వర్షపాతం లెక్కలు కనిపించడానికి కారణం ఇదే. ఒక్కో సంస్థ వర్షమాపకాలు ఒక్కో చోట ఉంటాయి. కూకట్‌పల్లిలో కుండపోత కురిసినప్పుడు ఎల్బీ నగర్‌లో చినుకు కూడా పడకపోవడం హైదరాబాద్ వాసులకు కొత్త కాదు.

‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎన్ని చోట్ల?

ఇది వాన ఎంత కురుస్తుందో చెప్పే మాట కాదు, ఎంత విస్తీర్ణంలో కురుస్తుందో చెప్పే మాట. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో ఎన్నింటిలో వాన నమోదవుతుందన్న దాన్ని బట్టి ఈ మాటలు వాడతారు.

• ఒకటి రెండు చోట్ల: 25 శాతం కేంద్రాల వరకు
• కొన్ని చోట్ల: 26 నుంచి 50 శాతం
• అనేక చోట్ల: 51 నుంచి 75 శాతం
• దాదాపు అన్ని చోట్లా: 76 శాతం, ఆపైన

వానలు తగ్గుముఖం పడుతున్నాయంటే సాధారణంగా ముందు తగ్గేది ఈ విస్తీర్ణమే. “అనేక చోట్ల” అన్నది “కొన్ని చోట్ల” అవుతుంది, ఆ తర్వాత “ఒకటి రెండు చోట్ల” అవుతుంది. కురిసిన చోట కురిసే వాన మాత్రం గట్టిగానే ఉండొచ్చు. “ఒకటి రెండు చోట్ల భారీ వర్షం” అని ఉంటే, ఆ ఒకటి రెండు చోట్లలో మీ కాలనీ కూడా ఉండొచ్చని అర్థం.

తేలికపాటి, మోస్తరు, భారీ... తేడా ఏమిటి?

24 గంటల్లో నమోదైన వర్షాన్ని బట్టి ఈ పేర్లు పెట్టారు.

• తేలికపాటి: 2.5 నుంచి 15.5 మి.మీ.
• మోస్తరు: 15.6 నుంచి 64.4 మి.మీ.
• భారీ: 64.5 నుంచి 115.5 మి.మీ.
• అతి భారీ: 115.6 నుంచి 204.4 మి.మీ.
• అత్యంత భారీ: 204.5 మి.మీ., ఆపైన

ఈ అంకెలు కళ్లకు కట్టాలంటే ఒక చిన్న లెక్క ఉంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీళ్లు. మీ ఇంటి డాబా 100 చదరపు మీటర్లు అనుకుంటే, 65 మి.మీ. వానకు దాని మీద పడేది 6,500 లీటర్లు. ఒక మామూలు ట్యాంకరు నీళ్లకు ఎక్కువే.

నగరవాసులు గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఈ వర్గీకరణ 24 గంటల మొత్తానికి సంబంధించింది. ఆ వాన ఎంతసేపట్లో పడిందో అది చెప్పదు. 60 మి.మీ. వాన రోజంతా జల్లుగా కురిస్తే రోడ్లు తడుస్తాయి, అంతే. అదే 60 మి.మీ. సాయంత్రం గంటలో కురిస్తే అండర్‌పాస్‌లు మునుగుతాయి. లెక్కల్లో మాత్రం రెండూ “మోస్తరు” వర్షమే.

‘అవకాశం ఉంది’ అన్నప్పుడు ఎంత అవకాశం?

ఇంగ్లిష్ బులెటిన్‌లో దీనికీ మెట్లు ఉన్నాయి. ‘లైక్లీ’ అంటే 25 నుంచి 50 శాతం, ‘వెరీ లైక్లీ’ అంటే 50 నుంచి 75 శాతం, ‘మోస్ట్ లైక్లీ’ అంటే 75 శాతం పైన. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి ఈ మూడూ తరచుగా “అవకాశం ఉంది” అన్న ఒక్క మాటలోనే కలిసిపోతాయి. ముఖ్యమైన ప్రయాణమో, శుభకార్యమో ఉంటే అసలు బులెటిన్ తెరిచి ఆ మాట ఏదో చూసుకోవడం మంచిది.

ఈ రోజు వాన రేపటి లెక్కలోకి ఎందుకు వెళ్తుంది?

వాతావరణ శాఖకు రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం 8.30కి మారుతుంది. నిన్న ఉదయం 8.30 నుంచి ఈ రోజు ఉదయం 8.30 వరకు కురిసిన వానను ఈ రోజు తేదీతో నమోదు చేస్తారు. బులెటిన్‌లో “మొదటి రోజు” అన్నది మరుసటి ఉదయం 8.30 వరకు వర్తిస్తుంది. కాబట్టి ఈ రాత్రి రెండు గంటలకు కురిసే వాన “రేపటి” అంచనాలో ఉండదు, “నేటి” అంచనాలోనే ఉంటుంది. తెల్లవారుజామున బయల్దేరేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఏం చెబుతాయి?

జిల్లాల మ్యాపులో కనిపించే రంగులు మీరు ఏం చేయాలో చెబుతాయి.

• ఆకుపచ్చ: హెచ్చరిక ఏమీ లేదు
• పసుపు: గమనిస్తూ ఉండండి
• నారింజ: సిద్ధంగా ఉండండి
• ఎరుపు: వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి

పసుపు రంగు అంటే “ఏమీ కాదులే” అని కాదు. వానలు వెనక్కి తగ్గే రోజుల్లో పిడుగులు, ఈదురు గాలుల హెచ్చరికలు తరచుగా ఈ రంగులోనే వస్తాయి. ఉదయం పసుపుగా ఉన్న జిల్లా సాయంత్రానికి నారింజ కావచ్చు. అందుకే పొద్దున చూసిన స్క్రీన్‌షాట్‌ను రాత్రి వాట్సాప్‌లో పంపేముందు దాని మీది తేదీ, సమయం చూడండి.

నైరుతి వెళ్లిపోయిందని ఎలా తేలుస్తారు?

రెండు రోజులు ఎండ కాస్తే రుతుపవనాలు వెళ్లిపోయినట్టు కాదు. తిరోగమనం వాయవ్య భారతంలో, పశ్చిమ రాజస్థాన్ నుంచి మొదలవుతుంది. అక్కడ వరుసగా అయిదు రోజులు వాన లేకపోవడం, దిగువ వాతావరణంలో అధిక పీడన ప్రాంతం ఏర్పడటం, గాలిలో తేమ బాగా తగ్గడం అనే మూడు గుర్తులు చూసి ప్రకటిస్తారు. 2020లో సవరించిన సాధారణ తేదీల ప్రకారం ఇది సెప్టెంబరు 17న మొదలై, అక్టోబరు 15 నాటికి దేశమంతటా పూర్తవుతుంది.

దక్షిణ ద్వీపకల్పం విషయంలో అక్టోబరు 1కి ముందు తిరోగమనాన్ని ప్రకటించరు. గాలులు నైరుతి దిక్కు నుంచి వీయడం మారిందో లేదో చూస్తారు.

పశ్చిమ, నైరుతి గాలులు బలహీనపడి, తూర్పు గాలులు ఇంకా స్థిరపడని ఈ మధ్యకాలమే మనకు ఇబ్బంది. మధ్యాహ్నం దాకా ఎండ మండుతుంది. నేలలో, గాలిలో తేమ ఇంకా ఉంటుంది. ఆ వేడికి తేమ గాలి వేగంగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలు కమ్ముతాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఉక్కపోత, ఆ వెంటనే గాలి, పిడుగులు, గంటలో ముగిసే కుండపోత. పొద్దున ఆకాశం నీలంగా ఉన్నంత మాత్రాన సాయంత్రానికి హామీ లేదు.

అక్టోబరు వస్తే వానాకాలం అయిపోయినట్టేనా?

లెక్కల్లో నైరుతి సీజన్ జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు. ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. తమిళనాడు, కేరళలతో పాటు కోస్తాంధ్ర, రాయలసీమలకూ వీటివల్ల వానలు వస్తాయి. నెల్లూరు ప్రాంతానికైతే ఏడాదిలో ఎక్కువ వాన ఈ మూడు నెలల్లోనే. హైదరాబాద్‌లో స్వెటర్లు తీసే వేళకు నెల్లూరులో గొడుగులు తెరుస్తారు.

బంగాళాఖాతంలో తుపాన్లకు అనువైన కాలం కూడా ఇదే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా కదిలింది. మరుసటి ఉదయానికి బేగంపేటలో 24 గంటల వర్షపాతం సుమారు 19 సెం.మీ. నమోదైంది. హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. అది తుపాను కూడా కాదు, దాని కింది మెట్టు.

ఆ మెట్లు గాలి వేగాన్ని బట్టి ఉంటాయి. గంటకు 31 కి.మీ. లోపు ఉంటే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. పేరు గాలిని బట్టి వస్తుంది, వానను బట్టి కాదు. “తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది” అంటే గాలి తగ్గిందని అర్థం. వాన తగ్గిందని ఆ వాక్యం చెప్పదు.

మీ ఊళ్లో వాన ఆగినా నీళ్లు ఎందుకు వస్తాయి?

ఎందుకంటే నది పైనుంచి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచెత్తిన మూసీ వరదల తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పటికీ ఎగువన వికారాబాద్ వైపు గట్టి వాన పడి ఈ జలాశయాల గేట్లు ఎత్తితే, నగరంలో ఎండ కాస్తున్నా మూసీ ఒడ్డున ఉన్నవారు జాగ్రత్త పడాలి.

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. నది పక్కన ఉండేవారు వాన అంచనాతో పాటు ఈ మట్టాన్ని, గేట్ల సమాచారాన్ని కూడా చూడాలి.

మరి రోజూ ఏం చూడాలి?

• ఉదయం: మీ జిల్లా రంగు, విస్తీర్ణం, తీవ్రత. ఒక్క నిమిషం పని.
• మధ్యాహ్నం తర్వాత: తక్షణ అంచనా. ఇది తర్వాతి మూడు గంటల వరకు వర్తిస్తుంది. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు అయిదు రోజుల అంచనా కన్నా ఇదే ఉపయోగం.
• రాడార్ చిత్రం: హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం డాప్లర్ రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. వరుసగా రెండు మూడు చిత్రాలు చూస్తే మేఘం మీ వైపు వస్తోందో, పక్కకు పోతోందో తెలుస్తుంది.
• యాప్‌లు: సాధారణ అంచనాలకు ‘మౌసమ్’, పిడుగుల హెచ్చరికకు ‘దామిని’, రైతులకు ‘మేఘదూత్’. ఇవన్నీ ఉచితం. ఊళ్లో పత్తి తీతకో, వరి కోతకో సిద్ధమవుతున్న మీవాళ్ల ఫోన్‌లో ‘మేఘదూత్’ పెట్టి ఇవ్వండి.

ఉరుము వినిపించిందంటే పిడుగు మీకు అందే దూరంలోనే ఉందని అర్థం. వెంటనే పక్కా భవనంలోకి వెళ్లండి. చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటకు రండి. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి, లోతు తెలియని రోడ్డు మీదికి బండి దించొద్దు. మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పై నుంచి కనిపించదు. ఆపదలో 112కు ఫోన్ చేయండి.

వాన నిజంగానే వెలిసి ఎండ వచ్చాక మరో పని మిగిలి ఉంటుంది. డెంగీ దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వానలు తగ్గిన మొదటి ఆదివారమే కూలర్లు, పూలకుండీల పళ్లేలు, మేడ మీది పాత టైర్లలో నీళ్లు ఒంపేయండి. ఆ తర్వాత వారానికోసారి అదే పని చేయండి.

బులెటిన్‌లో మీ జిల్లా వరుసగా అయిదు రోజులు ఆకుపచ్చగా ఉండి, విస్తీర్ణం దగ్గర “పొడి వాతావరణం” అని కనిపించి, బంగాళాఖాతంలో అల్పపీడనం ప్రస్తావన లేకపోతే మేడ మీద వడియాలు నిశ్చింతగా ఆరబెట్టుకోవచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, గొడుగును ఇంకొన్నాళ్లు బ్యాగులోనే ఉండనివ్వండి.